జ్యోత్స్నను ముక్కలు చేయకండి: ఆటలు, యాప్‌లు తయారుచేసేవారికి బహిరంగ లేఖ

వీడియో గేములు, యాప్‌లు, స్మార్ట్ టీవీలు, వాచీలు తయారుచేసే ఇంజనీర్లకు, డిజైనర్లకు, టెస్టర్లకు నమస్కారం.

మీ ఆట మొత్తం తెలుగులోకి అనువదించమని అడగడానికి రాస్తున్న ఉత్తరం కాదిది. అనువాదమంటే డబ్బు కావాలి, మనుషులు కావాలి, మార్కెట్ లెక్కలు తేలాలి. అడిగేది అంతకన్నా చాలా చిన్న పని. ఆట మొదలయ్యేటప్పుడు 'మీ పేరు' అని ఒక గడి చూపిస్తారు కదా. అందులో ఒకమ్మాయి తెలుగులో 'జ్యోత్స్న' అని రాసుకుంటే, స్కోరు పట్టిక దాకా ఆ పేరు జ్యోత్స్నగానే రావాలి. 2011 జనగణన ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8.11 కోట్ల మంది. మీ ఆఫీసుల్లో కోడ్ రాసేవాళ్లలోనూ మనవాళ్లకు కొదవ లేదు. అయినా ఈ పేరు గడి దాటి తెర మీదికి చేరేలోపు కనీసం అరడజను చోట్ల విరుగుతుంది. ఎక్కడెక్కడ విరుగుతుందో, ఎందుకో, ఏం చేస్తే అతుక్కుంటుందో వరసగా చెబుతాను.

ముందు లెక్క చూద్దాం. తెలుగు చదివే కంటికి జ్యోత్స్న రెండక్షరాలు: జ్యో, త్స్న. అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌కు అది తొమ్మిది సంకేతాలు: జ, పొల్లు, య, ఓత్వం, త, పొల్లు, స, పొల్లు, న. ఆ సంకేతాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు, మొత్తం 27. అంటే ఒకే పేరుకు 2, 9, 27 అని మూడు కొలతలు. గొడవలన్నీ ఏ కొలత ఎక్కడ వాడాలో తేల్చుకోకపోవడం వల్లే వస్తాయి.

డేటాబేస్‌లో పేరుకు 16 బైట్లు కేటాయించిన ఆటలో ఏమవుతుందో చూడండి. ఐదు సంకేతాలకు 15 బైట్లు అయిపోతాయి, అక్కడికి 'జ్యోత' వచ్చింది. పదహారో బైట్ తర్వాతి పొల్లులో మూడో వంతు. దానికి అర్థం లేదు కాబట్టి తెర మీద నల్ల వజ్రంలో ప్రశ్నార్థకం కనిపిస్తుంది. అమ్మాయి పేరు 'జ్యోత' అనీ, పక్కనున్నది ఆటలో దొరికిన రత్నమనీ అనుకునే ప్రమాదం కూడా ఉంది. మందు సులువే. ఆటగాడికి చెప్పే పరిమితి అక్షరాల్లో పెట్టండి, పన్నెండు చాలు. లోపల దాచుకునే చోటు 256 బైట్లు ఉంచండి. ఒక అక్షరం మీద వందల గుర్తులు పేర్చి తెరను పాడుచేసే ఆకతాయిలుంటారు కనుక, ఒక్కో అక్షరానికి ఎనిమిది సంకేతాలు దాటితే తిప్పికొట్టండి. మామూలు తెలుగు పేరేదీ ఆ హద్దు దాటదు.

'అక్షరం' అంటే ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అన్నది మీరు సొంతంగా కనిపెట్టాల్సిన పని లేదు. యూనికోడ్‌లో గ్రాఫీమ్ క్లస్టర్ అనే నియమావళి ఉంది. కాకపోతే ఒక చిక్కు. 2023 సెప్టెంబరులో వచ్చిన 15.1 సంచికకు ముందు ఆ నియమావళి పొల్లు దగ్గర తెంపేసేది, జ్యోత్స్నను జ్, యో, త్, స్, న అని ఐదుగా లెక్కపెట్టేది. 15.1లో చేరిన కొత్త నియమంతో తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళం సంయుక్తాక్షరాలు ఒక్క ముక్కగా లెక్కకొస్తాయి. యూనికోడ్ నియమాలను అమలుచేసే ఐసీయూ అనే కోడ్ లైబ్రరీలో 74వ సంచిక నుంచి ఇది ఉంది. మీ ప్రాజెక్టులో అంతకన్నా పాతది కూర్చుని ఉంటే ముందు దాన్ని మార్చండి.

లెక్క సరిచేశాక కాపలాదారు అడ్డొస్తాడు. పేర్లలో పిచ్చి గుర్తులు రాకుండా చాలా ఆటలు 'లెటర్' వర్గానికి చెందిన సంకేతాలనే లోపలికి రానిస్తాయి. ఇంగ్లిషుకు అది చాలు. యూనికోడ్‌లో మన గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న 'లెటర్' వర్గంలో లేవు, 'మార్క్' వర్గంలో ఉన్నాయి. వాటిని ఏరి పారేస్తే జ్యోత్స్న కాస్తా 'జయతసన' అయి కూర్చుంటుంది. యూరప్ భాషల అక్షరాల మీది టోపీలు, చుక్కలు తీసేయడానికి రాసిన కోడ్ కూడా ఇదే పని చేస్తుంది. ఫ్రెంచి పేరుకు అది చిన్న క్షవరం. తెలుగు పేరుకు ఎముకలు తీసేసినట్టు. వడపోతలో లెటర్‌తో పాటు మార్క్ వర్గాన్నీ రానివ్వండి, వాటితో పాటు ఇంకొక్క సంకేతాన్ని కూడా: దశాంశంలో 8204, అంటే కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్. పొల్లు తర్వాతి హల్లు వత్తుగా మారకుండా ఆపేది అదే. 'సెట్టింగ్‌లు' అన్న మాటలో గకారం పొల్లు పక్కన అది లేకపోతే 'సెట్టింగ్లు' అవుతుంది. కనబడని సంకేతాలన్నీ హానికరమని తుడిచేసే వడపోతలు దీన్నీ తుడిచేస్తాయి.

ఈ 8204కు ఒక చరిత్ర ఉంది. 2018 ఫిబ్రవరిలో 'తెలుగు అక్షరం ఐఫోన్‌ను పడగొట్టింది' అని ప్రపంచమంతా వార్తలొచ్చాయి. ఐఓఎస్ 11.2.5 నడిచే ఫోన్‌కు ఆ అక్షరం ఉన్న సందేశం వస్తే, దాన్ని చూపబోయిన యాప్ కూలిపోయేది. నోటిఫికేషన్‌లో వస్తే హోమ్ తెరను నడిపే స్ప్రింగ్‌బోర్డే కూలేది. అందరూ 'జ్ఞా' అన్నారు గానీ, మనం రోజూ రాసే జ్ఞా నిర్దోషి. అసలు వరస ఇది: జ, పొల్లు, ఞ, 8204, ఆపైన దీర్ఘం. హల్లుకీ దాని దీర్ఘానికీ మధ్య ఆ కనబడని సంకేతం దూరేసరికి, అక్షరాలను పేర్చే కోర్‌టెక్స్ట్ దారి తప్పి మెమరీని పాడుచేసింది. అదే అమరిక బెంగాలీలో, దేవనాగరిలో కూడా కొన్ని హల్లుల దగ్గర ఫోన్‌ను పడగొట్టేది. ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేసి ఆపిల్ సరిచేసింది. చెప్పొచ్చేదేమంటే, తెలుగు చూపించడమంటే ఫాంటు తగిలించడం కాదని ఆ నాలుగైదు రోజుల్లో అందరికీ తెలిసింది. తర్వాత అందరూ మరిచిపోయారు.

ఇక అసలు విరగడం జరిగేది తెర మీద బొమ్మ గీసే చోట. తెలుగుకు యూనికోడ్‌లో ఉన్న గడులు 128, దశాంశంలో 3072 నుంచి 3199 దాకా. ఫాంటులో ఉండే అచ్చుబొమ్మలు (గ్లిఫ్‌లు) మాత్రం వందల్లో ఉంటాయి. ప్రతి హల్లుకీ వత్తు రూపం వేరు. గుణింతంతో కలిసినప్పుడు రూపం వేరు. మొ, యొ, హా లాంటి చోట్ల మరీ వేరు. ఆ రూపాల్లో చాలావాటికి యూనికోడ్ సంఖ్య లేదు, ఫాంటు లోపలి వరస సంఖ్య మాత్రమే ఉంటుంది. సంకేతాల వరస చూసి, ఫాంటులోని నియమాలు చదివి, ఏ అచ్చుబొమ్మ ఎక్కడ కూర్చోవాలో తేల్చే పనిని షేపింగ్ అంటారు. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ మూడింటిలో ఆ పని చేసేది హార్ఫ్‌బజ్. ఉచితం, ఓపెన్‌సోర్స్.

ఫోన్ల వరకు మన దేశంలో నియమం కూడా ఉంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 16333 మూడో భాగం ప్రకారం ఇక్కడ అమ్మే మొబైల్‌లో 22 అధికార భాషల సందేశాలూ చదవగలిగేలా ఉండాలి. కాబట్టి అదే ఫోన్‌లో మెసేజ్‌లో జ్యోత్స్న చక్కగా కనిపిస్తుంది. ఆట తెరిస్తే 'జ్‌యోత్‌స్‌న'. ఫోన్ చేసిన తప్పు కాదిది. ఆట ఫోన్‌ను అడగకుండా తన అక్షరాలు తానే గీసుకుంటుంది. ఒక్కో సంకేతానికి ఒక్కో బొమ్మ చొప్పున ముందే ఒక పెద్ద చిత్రంలో అచ్చేసుకుని, అక్కడి నుంచి కత్తిరించి అతికిస్తుంది. ఏబీసీడీలకు తిరుగులేని పద్ధతి. మనకు వత్తుల బొమ్మలు ఆ చిత్రంలోకే రావు.

ఆటలు కట్టడానికి వాడే మూడు ఇంజిన్ల సంగతి విడిగా చెప్పాలి. గోడో 4.0 నుంచి, అంటే 2023 మార్చి నుంచి, హార్ఫ్‌బజ్, ఐసీయూ ఉన్న అడ్వాన్స్‌డ్ టెక్స్ట్ సర్వర్ దానిలోనే ఉంది. సైజు తగ్గిద్దామని ఫాల్‌బ్యాక్ సర్వర్‌తో బిల్డ్ చేస్తే షేపింగ్ పోతుంది, జాగ్రత్త. అన్‌రియల్‌లో కూడా హార్ఫ్‌బజ్ ఉంది, టెక్స్ట్ షేపింగ్ పద్ధతిని 'ఫుల్ షేపింగ్'లో పెట్టి చూడండి, 'కెర్నింగ్ ఓన్లీ'లో ఉంటే తెలుగు విడిపోతుంది. యూనిటీతోనే ఎక్కువ బాధ. మొబైల్ ఆటల్లో విరివిగా వాడే టెక్స్ట్‌మెష్ ప్రో భారతీయ లిపులకు షేపింగ్ చేయదు. యూనిటీ 6 తరంలో యూఐ టూల్‌కిట్‌కు వచ్చిన అడ్వాన్స్‌డ్ టెక్స్ట్ జనరేటర్ హార్ఫ్‌బజ్ వాడుతుంది, కొత్త ప్రాజెక్టయితే దాంతోనే మొదలుపెట్టండి. పాత ప్రాజెక్టును తవ్వి తీయలేమంటే ఒక అడ్డదారి ఉంది: పేరును ఫోన్ సిస్టమ్ చేతనే ఒక పారదర్శక చిత్రంగా గీయించి, ఆ చిత్రాన్ని ఆటలో అతికించడం. ఆండ్రాయిడ్‌లో స్టాటిక్ లేఅవుట్, ఐఫోన్‌లో కోర్‌టెక్స్ట్ ఆ పని చేస్తాయి. పేరు మారినప్పుడు మాత్రమే గీయించాలి, ప్రతి ఫ్రేముకూ గీయిస్తే ఫోన్ వేడెక్కుతుంది. కొందరు డైలాగులన్నీ ముందే షేప్ చేసి, యూనికోడ్‌లో ఖాళీగా ఉన్న సొంత గడుల్లోకి అచ్చుబొమ్మలు సర్ది నెట్టుకొస్తారు. అను ఫాంట్ల రోజుల నాటి డీటీపీ కిటుకే మళ్లీ. రాసిపెట్టిన డైలాగులకు పనికొస్తుంది గానీ, ఆటగాడు అప్పటికప్పుడు కొట్టే పేరుకు పనికిరాదు.

ఫాంటు ఎంచుకోవడం ఇప్పుడు కష్టమేం కాదు. నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర, సురన్న, గిడుగు, ధూర్జటి, ఎన్‌టీఆర్, హింద్ గుంటూరు, బాలూ తమ్ముడు, అనెక్ తెలుగు: ఇవన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద దొరుకుతాయి, డబ్బుకు అమ్మే ఆటలో పెట్టుకోవచ్చు, ఫాంటును విడిగా అమ్మకూడదంతే. మెనూలకు నోటో, శీర్షికలకు రామభద్ర, పిల్లల ఆటకు బాలూ తమ్ముడు అన్నది నా రుచి. సైజు తగ్గించడానికి ఫాంటును కత్తిరించేటప్పుడే పొరపాట్లు జరుగుతాయి. వాడిన సంకేతాలే ఉంచమంటే కొన్ని పనిముట్లు వత్తులను, నియమాల పట్టికను ఊడ్చేస్తాయి. ఫాంట్‌టూల్స్‌లోని పైఎఫ్‌టీ సబ్‌సెట్ వాడి, లేఅవుట్ ఫీచర్లన్నీ ఉంచమని చెప్పండి. సంకేతాల పరిధి చూసి ఫాంటును కేటాయించే ఏర్పాటుంటే 3072–3199తో పాటు 8204నూ అదే ఫాంటుకు ఇవ్వండి. అది ఇంగ్లిషు ఫాంటుకు పోతే మాట మధ్యలో తెగి, రెండు ముక్కలూ విడివిడిగా షేప్ అవుతాయి.

సరే, అక్షరం కుదిరింది. ఇప్పుడు దాని కాళ్లు నరికేస్తారు. ఇంగ్లిషులో గీత కిందికి దిగేవి జీ, పీ, వై లాంటి కొన్ని తోకలే. జ్యోత్స్నలో 'త్స్న' చూడండి, త కింద స వత్తు, దానికి తోడు న వత్తు. ఫాంటును బట్టి ఒకదాని కింద ఒకటి దిగుతాయి, లేదా కుడికి జరుగుతాయి. స్కోరు పట్టికలో 16 పిక్సెళ్ల అక్షరానికి 20 పిక్సెళ్ల వరస పెట్టి, బయటికొచ్చింది కనబడకుండా మాస్క్ వేస్తే, వత్తులు సగానికి తెగిపోయి 'జోత' లాంటిదేదో మిగులుతుంది. వరస ఎత్తు అక్షరం సైజుకు 1.6 రెట్లు ఉండాలి, 16కు 26 దాకా. ఎత్తు ఎంతో కోడ్‌లో అంకె రాసేయకుండా ఫాంటు ఇచ్చే కొలతల నుంచే తీసుకోండి. చిన్న గుండ్రటి వాచీ తెరలకైతే ఈ జాగ్రత్త రెట్టింపు అవసరం. 14 పిక్సెళ్ల కన్నా తగ్గితే వత్తు వత్తులా ఉండదు, మరకలా ఉంటుంది. పాత 8 బిట్ ఆటల రుచి కోసం ఎనిమిది పిక్సెళ్ల ఎత్తులో ఇరికించాలని చూడకండి, తెలుగుకు పదహారైనా కావాలి.

అక్షరం చుట్టూ నల్ల అంచు పెట్టే అలవాటు మన సినిమా టైటిళ్లకూ ఉంది, ఆటలకూ ఉంది. ఒక్కో అచ్చుబొమ్మకు అంచు వేసి, లోపల రంగు నింపి, తర్వాతి బొమ్మకు వెళ్తే వత్తు అంచు తల్లి అక్షరం మీదికి ఎక్కుతుంది, కలిసిపోవాల్సిన చోట నల్ల గీత పడుతుంది. మాట మొత్తానికి ముందు అంచు గీసి, ఆ తర్వాత మొత్తానికి రంగు నింపితే ఆ గీత రాదు. పోస్టర్లు చేసేవాళ్లకూ ఒక ముక్క: ఫొటోషాప్ కాస్త పాత సంచికల్లో తెలుగు విడివిడిగా పడుతుంటే ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద వరల్డ్-రెడీ లేఅవుట్ ఎంచుకోండి, ఇంకా పాత సంచికల్లో దాని పేరు మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్. ప్రీమియర్‌లో ఆ మీట గ్రాఫిక్స్ ప్రిఫరెన్సెస్‌లో ఉంటుంది. మీట మార్చాక పాత టెక్స్ట్ లేయర్ మారకపోతే కొత్తది వేయండి. ఈ ఒక్క మీట తెలియక ఎన్ని ఫ్లెక్సీల మీద వత్తులు పొల్లులై వేలాడుతున్నాయో చెప్పనక్కర్లేదు.

ఆటల్లో డైలాగు టకటకమని ఒక్కో అక్షరం పడుతూ వస్తుందే, ఆ టైప్‌రైటర్ ముచ్చట తెలుగులో చూడాలి. సంకేతానికొకటి చొప్పున వదిలితే తెర మీద జ, జ్, జ్య, జ్యో, జ్యోత, జ్యోత్, జ్యోత్స, జ్యోత్స్, జ్యోత్స్న అని తొమ్మిదిసార్లు రూపు మారుతుంది. పొల్లు వచ్చినప్పుడల్లా వెడల్పు పెరిగి, వత్తు పడగానే తగ్గి, వాక్యమంతా దగ్గుతున్నట్టు కదులుతుంది. రెండే అడుగుల్లో రావాలి: జ్యో, జ్యోత్స్న. గోడోలో రిచ్‌టెక్స్ట్ లేబుల్‌కు కనిపించే అక్షరాల తీరు అన్న అమరిక ఉంది. మామూలుగా అది షేపింగ్‌కు ముందే కత్తిరిస్తుంది. షేపింగ్ తర్వాత అన్నదానికి మార్చండి. మిగతా ఇంజిన్లలో వాక్యాన్ని ముందు క్లస్టర్లుగా విడగొట్టి, క్లస్టర్‌కొక అడుగు వేయండి.

పేరు కొట్టే దశలో మరో రెండు సంగతులు. కంప్యూటర్ ఆటలు మీట నొక్కిన కబురు నేరుగా అందుకుంటాయి. జే నొక్కితే జే అనే తెలుసు, దాన్ని కీబోర్డు జ చేసిందని తెలియదు. ఎస్‌డీఎల్ అనే ఆటల లైబ్రరీ వాడేవాళ్లు పేరు గడిలో కీడౌన్ కాకుండా టెక్స్ట్‌ఇన్‌పుట్ ఈవెంట్ వినాలి. రెండోది బ్యాక్‌స్పేస్. బాణం మీటతో కర్సర్ అక్షరం మొత్తం దాటాలి, బ్యాక్‌స్పేస్ మాత్రం ఒక్క సంకేతాన్నే చెరపాలి. చివరి న వత్తు తప్పు కొట్టినవాళ్లకు 'త్స్న' మొత్తం పోతే ఐదు సంకేతాలూ మళ్లీ కొట్టాలి.

శైలజ అన్న పేరుతో మరో తమాషా. ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు, ఒకే గుర్తుగా, లేదా ఎత్వం ప్లస్ కింది గుర్తుగా. కంటికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కు వేరు. దాచేముందు రెంటినీ ఒకే రాతకు తెచ్చే ఎన్‌ఎఫ్‌సీ అనే యూనికోడ్ రూపానికి మార్చకపోతే ఒకే ఆటలో ఇద్దరు శైలజలు ఒకే పేరుతో తిరుగుతారు.

చివరిగా వాక్యంలో పేరు. ఇక్కడ కోడ్ కన్నా వ్యాకరణం పని ఎక్కువ. 'ఫలానా వారికి 50 నాణేలు' అనడానికి పేరు పక్కన 'కు' అతికించేస్తారు. జ్యోత్స్నకు బాగుంటుంది. రవికు? రవికి కావాలి, ఇకారం తర్వాత కి వస్తుంది. రాముడు అయితే రాముడికి. కిరణ్ పొల్లుతో ముగుస్తుంది కనుక 8204 లేకుండా అతికిస్తే 'కిరణ్కు' అవుతుంది. పేరు పొల్లుతో ముగిస్తే విభక్తికి ముందు ఆ సంకేతం చేర్చి 'కిరణ్‌కు' చేయాలి. ఇంత తలనొప్పి వద్దంటే మన భాషే ఒక మర్యాదైన దారి చూపిస్తోంది: గారు. జ్యోత్స్న గారికి, రవి గారికి, కిరణ్ గారికి, రాముడు గారికి. ఏ పేరు వచ్చినా విభక్తి 'గారు' మీదే పడుతుంది, పేరు చెక్కుచెదరదు. గెలిచాడా, గెలిచిందా అన్న తంటా కూడా తీరి 'గెలిచారు' సరిపోతుంది. కాకపోతే రాక్షసుడు కత్తి దూసి 'జ్యోత్స్న గారూ, మీ ప్రాణాలు తీస్తాను' అంటే ఆట భయం పోయి నవ్వొస్తుంది. శత్రువుల డైలాగుల్లో పేరు లేకుండా 'నీ' అనిపించండి. స్కోరు పట్టికలో 'జ్యోత్స్న: 50' అని చుక్కలు పెడితే చాలు. అంకెలు మాత్రం ౫౦ అని తెలుగులో వేయకండి, అభిమానం కొద్దీ చేసినా ఆట వేగంలో చదవలేరు. లక్ష దాటితే కామాలు మన లెక్కలో, 1,25,000 అని.

టీవీలవాళ్లకు తక్కువే చెప్పాలి. యూఎస్‌బీలో పెట్టిన ఎస్‌ఆర్‌టీ సబ్‌టైటిల్ ఫైలును యూటీఎఫ్-8గా చదవండి, హార్ఫ్‌బజ్‌తో గీయండి, తెలుగు ఫాంటు ఒకటి టీవీలోనే పెట్టండి. ఫైలు సరిగ్గానే ఉన్నా తెర మీద డబ్బాలు కనిపిస్తే లేనిది ఫాంటు. పొల్లులు కనిపిస్తే లేనిది షేపింగ్. సర్వీస్ సెంటర్‌కు ఫిర్యాదు రాసేవాళ్లు ఈ తేడా చూసి రాస్తే పని త్వరగా అవుతుంది.

విడుదలకు ముందు మీ టెస్టర్లకు ఈ ఎనిమిది పేర్లు ఇవ్వండి. తెలుగు రాకపోయినా ఫర్వాలేదు, పక్కన మెసేజ్ యాప్‌లో అదే పేరు తెరిచి రెండు బొమ్మలూ పోల్చితే చాలు: జ్యోత్స్న, లక్ష్మి, శ్రీను, కృష్ణ, ఐశ్వర్య, శైలజ, మొగిలి, కిరణ్. వీటిని పేరు గడిలో కొట్టి, సేవ్ చేసి, ఆట మూసి, మళ్లీ తెరిచి, స్కోరు పట్టికలో, డైలాగులో, వెతుకులాటలో చూడాలి. లక్ష్మిలో మ వత్తు కింద తెగకూడదు. కృష్ణలో ఋత్వం, ణ వత్తు రెండూ ఉండాలి. మొగిలిలో మొ మెసేజ్ యాప్‌లో ఉన్నట్టే ఒక్క అక్షరంగా కనిపించాలి. కిరణ్ చివర పొల్లు కనిపించాలి, ఈ ఎనిమిదింటిలో అది కనిపించాల్సింది అక్కడొక్కచోటే. ఇంకెక్కడైనా కనిపిస్తే బిల్డ్ వెనక్కి పంపండి.

ఇట్లు,
ఒక టెక్నాలజీ విలేఖరి